మిద్దె మీద పిడికెడు యూరియా

బెంగళూరు రామమూర్తినగర్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరంలోని విషయం ఇది.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. భార్యాభర్తలిద్దరివీ ఐటీ ఉద్యోగాలు. నాలుగేళ్ల బాబు ఉన్నాడు. బాబుకి మందులు లేని కూరగాయలు పెట్టాలని రెండేళ్ల కిందట మిద్దె మీద 12 అంగుళాల టబ్బులు 32 పెట్టి తోట మొదలుపెట్టారు. సగానికి పైగా కొబ్బరి పొట్టు, వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు, కాస్త ఎర్రమట్టి కలిపి నింపారు. పదిహేను రోజులకోసారి జీవామృతం పోశారు. కావేరి నీళ్లు వంటకి, మొక్కలకి బోరు నీళ్లు. ఆకుకూరలు ఓ మాదిరిగా వచ్చాయి. టమాటా, వంగ, మిరప మాత్రం గిడసబారిపోయాయి. కింది ఆకులు ముందు పసుపెక్కి, పసుపు పైకి పాకింది. కొన్నింటిలో కొత్త చిగుళ్లు కూడా ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా వచ్చాయి. టబ్బుల అంచున తెల్లటి పొర పేరుకుంది.

పోయిన ఏడాది అత్తగారు చనిపోయారు. పల్నాడులో మిరప, పత్తి పండించిన మామగారు పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశారు. కన్నడం రాదు, బయట తెలిసినవాళ్లు లేరు. తెల్లవారగానే మిద్దె ఎక్కడం ఆయనకు అలవాటయింది. "మొక్కలు ఆకలితో ఉన్నాయమ్మా, కాస్త మందు పడాలి" అని రెండు మూడు సార్లు అన్నారు. ఈమె వద్దన్నారు. ఊరు వెళ్లి వస్తూ ఆయన ఒక చిన్న సంచిలో యూరియా, డీఏపీ ఎరువులు తెచ్చుకున్నారు. కోడలు ఆఫీసుకు వెళ్లాక చిటికెడు చొప్పున యూరియా వేశారు. వారం తిరిగేసరికి మొక్కలు నిగనిగలాడాయి. జీవామృతం పనిచేసిందనుకుని ఈమె సంబరపడ్డారు కూడా. ఆ ఉత్సాహంలో మార్చి చివర ఆయన 11 టబ్బులకు పిడికెడు చొప్పున యూరియా వేసి, మొక్కల మొదళ్లలో కాసిని డీఏపీ గుళికలు పెట్టారు. కాయ మీదున్న 7 టమాటా టబ్బులకు మాత్రం కొద్దిగా వేశారట. మూడు రోజుల్లో ఆ 11 టబ్బుల్లో ఆకుల అంచులు మాడి, మొక్కలన్నీ చచ్చిపోయాయి. మిగిలిన ఏడింటిలో టమాటాల అడుగు నల్లబడుతోంది.

ఆ సాయంత్రం ఈమె అందరి ముందూ "ఇది మీ పొలం కాదు మామయ్యా, మీ ఇష్టం వచ్చినట్టు చేయడానికి" అన్నారు. ఆయన మారు మాట్లాడకుండా కిందికి దిగారు. నెల దాటింది, మళ్లీ మిద్దె ఎక్కలేదు. గదిలో ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నారు. భర్తేమో "ఈ తోటా వద్దు, ఈ టెన్షనూ వద్దు, హాప్‌కామ్స్‌లో కూరగాయలు కొనుక్కుందాం" అంటున్నారు. ఆ టమాటాలు బాబుకి పెట్టవచ్చా, పాడైన మట్టిని ఏం చేయాలి, ఇకమీదట ఏ ఎరువు ఎంత వేయాలి, మామగారితో ఎలా మాట్లాడాలి అని ఆమె అడిగారు.

అమ్మా,

ముందు బాబు సంగతి. మీ ఉత్తరంలో భయమంతా అక్కడే ఉంది. మనవైపు పురుగుకి కొట్టేదాన్నీ మందే అంటాం, ఎరువు కట్టనీ మందు కట్టే అంటాం. ఒకే మాట కావడంతో భయం కూడా ఒకటే అయింది. పురుగుమందు కాయ మీద మిగిలి మన ఒంట్లోకి వస్తుందన్న భయంలో అర్థం ఉంది. యూరియా సంగతి వేరు. తడి మట్టిలో పడ్డ కొద్ది రోజులకే అది అమ్మోనియంగా, తర్వాత నైట్రేటుగా మారుతుంది. మీ కంపోస్టులో ఉన్న నత్రజని కూడా చాలావరకు అలాగే మారి వేళ్లకు అందుతుంది. ఏ సంచిలోంచి వచ్చిందో మొక్కకు తెలియదు. ఆ ఏడు టబ్బుల టమాటాలు మీరు నిశ్చింతగా వండుకోవచ్చు. అడుగు నల్లబడిన కాయలో కూడా బూజు పట్టకపోతే ఆ భాగం కోసి పారేసి మిగతాది వాడుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. యూరియా పడ్డ టబ్బుల్లో ఏ తోటకూరో పాలకూరో కలిసి పెరుగుతుంటే ఒక కోత తీసి కంపోస్టులో వేసేయండి. నత్రజని మరీ ఎక్కువైతే ఆకుకూరలు నైట్రేటును ఆకుల్లోనే నిల్వ చేసుకుంటాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దు. ఆ తర్వాత వచ్చే కోత వాడుకోండి.

ఇప్పుడు మీకు కష్టంగా అనిపించే మాట చెప్పాలి. మొక్కలు ఆకలితో ఉన్నాయని మీ మామగారు చెప్పింది నిజం. కింది ఆకులు ముందు పసుపెక్కాయంటే అది నత్రజని లోటు. చాలనప్పుడు మొక్క ముసలి ఆకుల్లోంచి లాగి చిగుళ్లకు పెట్టుకుంటుంది, ఇంట్లో పెద్దవాళ్లు తాము మానుకుని పిల్లలకి పెట్టినట్టు. కొబ్బరి పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది, వేళ్లకు గాలి ఇస్తుంది, తిండి మాత్రం దాదాపు ఏమీ ఇవ్వదు. వంటింటి కంపోస్టు పూర్తిగా మాగకముందే వేస్తే అది టబ్బులో ఇంకా కుళ్లుతూ ఉంటుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి కాబట్టి మొక్కకు అందాల్సింది అవే తీసుకుంటాయి. మీ కంపోస్టు చేతిలోకి తీసుకుంటే తొక్కలు, ముక్కలు గుర్తుపట్టేలా ఉన్నాయా? పుల్లటి వాసన వస్తోందా? అయితే అది ఇంకా మాగలేదు. మాగిన కంపోస్టు తొలకరి మట్టి వాసన వేస్తుంది, నలిపితే పొడిపొడిగా రాలుతుంది.

జీవామృతం మీద మీకున్న నమ్మకాన్ని నేను తీసిపారేయను. కానీ అది ఏమిటో తెలుసుకుని వాడాలి. పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి వేసి 200 లీటర్ల నీళ్లలో కలిపితే అది ఒక ఎకరానికి. అందులో నేరుగా మొక్కకు అందే తిండి ఎంతని! అది మట్టిలోని జీవాన్ని లేపే తోడు లాంటిది. పాలున్న గిన్నెలో తోడు వేస్తే పెరుగవుతుంది. మీ టబ్బుల్లో పాలే లేవు.

మరి మామగారి పొరపాటు ఎక్కడ? మోతాదులో. ఈ లెక్క ఒకసారి చేసి చూడండి. యూరియా కట్ట 45 కిలోలు. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఎకరానికి ఒక కట్ట చల్లితే చదరపు మీటరుకు 11 గ్రాములు పడుతుంది. మీ 12 అంగుళాల టబ్బు నోరు చదరపు మీటరులో పదమూడో వంతు కూడా లేదు. అంటే దాని వాటా ఒక గ్రాముకన్నా తక్కువ. పెద్దవాళ్ల పిడికిట్లో దాదాపు 40 గ్రాముల యూరియా పడుతుంది. ఒక్క పూటలో ఎకరానికి యాభై కట్టలు గుమ్మరించినట్టు! మొక్కకింత అని లెక్క వేసినా, ఎకరంలో పన్నెండు వేల మిరప మొక్కలుంటే కట్ట యూరియాలో ఒక్కో దానికి వచ్చేది నాలుగు గ్రాముల లోపే. మీ మామగారు తన చేలో ఎన్నడూ అంత వేసి ఉండరు. చేలో ఆయన పిడికిలి పది మొక్కలకు సరిపోయేది. మిద్దె మీద ఆ పిడికిలి ఒకే మొక్క దగ్గర విప్పారు.

'ఇది మీ పొలం కాదు' అని మీరన్న మాట ఆయన్ని నొప్పించింది, అది నాకు అర్థమైంది. కానీ ఆ మాటను గొంతులోని కోపం తీసేసి చదివితే మీ టబ్బుల్లో ఏం జరిగిందో అంతా అందులోనే ఉంది. పల్నాడు నల్లరేగడి ఎరువును పట్టి ఉంచుకుంటుంది, ఎక్కువైనా అమ్మలా కడుపులో దాచుకుంటుంది. అక్కడ వేళ్లు ఒకచోట ఘాటుగా ఉంటే మరోవైపు పోతాయి. వాన పడితే మిగులు కిందికి దిగిపోతుంది. టబ్బులో వేరు ఎటు పోయినా గోడే. ఇరవై లీటర్ల కొబ్బరి పొట్టులో అంత ఉప్పు కరిగితే నీళ్లు వేర్లలోకి వెళ్లకపోగా వేర్లలోంచే బయటికి లాగేసుకుంటుంది. ఊరగాయ ముక్కల్లోంచి నీటిని ఉప్పు లాగినట్టే. దానికి తోడు అమ్మోనియా ఘాటు. ఆకుల అంచులు ముందు మాడటానికి కారణం ఇదే.

ఏడు టబ్బుల్లో టమాటా అడుగు నల్లబడటం తెగులు కాదు. కాయ చివరికి కాల్షియం అందక అలా అవుతుంది. మట్టిలో అమ్మోనియం ఎక్కువైనా, ఉప్పులు ఎక్కువైనా, ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచెత్తినా కాల్షియం కాయ చివరిదాకా చేరదు. గుడ్డు పెంకులు పొడిచేసి వేయమని ఎవరో ఒకరు చెబుతారు. బోరు నీళ్లున్న టబ్బులో అవి చాలా నెమ్మదిగా కరుగుతాయి, ఈ కాపుకి అక్కరకు రావు. ఆ టబ్బులకు నత్రజని పూర్తిగా ఆపేయండి. పైన ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిచి, రోజూ ఒకే వేళకి ఒకే కొలతలో నీళ్లు పోయండి. రెండు వారాల్లో వచ్చే కొత్త పిందెలు బాగుండాలి. అప్పటికీ నల్లబడుతుంటే లీటరుకు రెండు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి పోయండి. అందులో డీఏపీ గానీ మరే ఎరువు గానీ కలపకండి, విరిగిన పాలలా అడుగుకి దిగిపోతుంది.

చచ్చిన 11 టబ్బుల మట్టికి రెండు దారులున్నాయి. ఒకటి కడగడం. టబ్బు పట్టేదానికి రెండు మూడింతల నీళ్లు మెల్లగా పోసి అడుగునుంచి పోనివ్వాలి. త్వరగా అవుతుంది, వారంలో మళ్లీ నారు పెట్టుకోవచ్చు. కానీ 11 టబ్బులకు తక్కువలో తక్కువ నాలుగైదు వందల లీటర్లు కావాలి. బెంగళూరులో వేసవిలో అన్ని నీళ్లు పారబోయమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. పైగా ఆ నత్రజని అంతా మోరీలో కలుస్తుంది. రెండోది నాకు నచ్చిన దారి. ఆ మట్టిని మిద్దె మీద పట్టా పరిచి కుమ్మరించండి, కనిపించిన డీఏపీ గుళికలు ఏరేయండి. మీ వీధిలో సంచుల్లో కట్టి పెట్టే ఎండుటాకులు మట్టికి రెండింతలు తెచ్చి కలపండి. ఎండుటాకు కుళ్లడానికి నత్రజని కావాలి, మీ మట్టిలో అదే ఎక్కువై కూర్చుంది. తడిపి, వారానికోసారి తిరగేస్తుంటే రెండు మూడు నెలల్లో మంచి ఎరువవుతుంది. అప్పటిదాకా టబ్బులు ఖాళీగా ఉంటాయి, తిరగేసే ఓపిక కూడా కావాలి. ఆ ఓపిక ఎవరికి ఉందో కింద చెబుతాను.

ఇకమీదట ఏం వేయాలన్నదానికి మీ ముందు మూడు పద్ధతులున్నాయి. మూడింటితోనూ కూరగాయలు పండించేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు.

మీరు మొదలుపెట్టినట్టే పూర్తిగా సేంద్రియంగా వెళ్లవచ్చు. అయితే ఇప్పటికన్నా బలంగా పెట్టాలి. ఎర్రమట్టి, మాగిన ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా కలపండి. నారు పెట్టడానికి పది రోజుల ముందు టబ్బుకి రెండు దోసిళ్ల వానపాముల ఎరువు, పిడికెడు వేపపిండి కలిపి తడిపి ఉంచండి. ఇక్కడ పిడికెడు వేయవచ్చు. వేపపిండిలో నత్రజని నూటికి ఐదు పాళ్లే, యూరియాలో 46. తర్వాత మూడు వారాలకోసారి రెండు గుప్పిళ్ల వానపాముల ఎరువు. పదిరోజులకోసారి వేరుశనగ చెక్క నీళ్లు: వంద గ్రాముల చెక్క లీటరు నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, వడకట్టి, పది లీటర్లు చేసి టబ్బుకి అర లీటరు. బలమైన తిండి అది. కానీ వాసన వస్తుంది, పక్కింటివాళ్లు అడుగుతారు. చెక్క పిప్పి టబ్బులో వేస్తే పందికొక్కులు తవ్వేస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో మట్టి మందగించి ఏది వేసినా ఆలస్యంగా అందుతుంది. శనాదివారాల్లో సగం పూట దీనికే పోతుంది. బాబు దగ్గర మందు డబ్బా అన్నదే ఉండదు, మట్టి ఏడాదికేడాదికి బాగుపడుతుంది. మీకు కావలసింది అదే అయితే ఈ కష్టం పడవచ్చు.

రెండోది నీళ్లలో కరిగే రసాయనిక ఎరువులే వాడటం. పెరిగేటప్పుడు నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 లీటరుకు ఒకటి నుంచి రెండు గ్రాములు, టబ్బుకి అర లీటరు, వారానికోసారి. పూత మొదలయ్యాక పొటాష్ ఎక్కువగా ఉండే 13:0:45. పది నిమిషాల పని, ఖర్చు తక్కువ, ఫలితం కళ్ల ముందే కనిపిస్తుంది. కానీ రెండు వారాలు మరిచిపోతే కొబ్బరి పొట్టులో మొక్కకు వేరే ఆధారం లేదు. చెయ్యి జారితే మళ్లీ మార్చి నెలే. బోరు నీటి ఉప్పుకి ఈ ఉప్పు కూడా తోడై మట్టిలో పేరుకుపోతుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, తరచుగా ఊళ్లు తిరిగే ఇంటికి ఇది కుదరదని నా అభిప్రాయం.

మూడోది కలగలుపు. అడుగున మొదటి పద్ధతిలోని ఎరువంతా ఉంటుంది. మొక్క ఆకలి చూపించినప్పుడు మాత్రం పైపాటుగా కొద్దిగా యూరియా నీళ్లు. నాలుగు లీటర్ల నీళ్లకు చదునుగా ఒక టీ స్పూను, అంటే లీటరుకు ఒక గ్రాము. టబ్బుకి అర లీటరు, మూడు వారాల లోపు మళ్లీ వద్దు. పూత కనబడగానే ఆపేయాలి, లేకపోతే ఆకు ఏపుగా పెరిగి పూత రాలుతుంది. చిక్కుడుకి, బీన్సుకి అసలు అక్కర్లేదు, వాటి వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోంచే నత్రజని తెచ్చిపెడతాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చాలాకాలంగా చెబుతున్న సమగ్ర పోషక యాజమాన్యం ఇలాంటిదే. మా మిద్దె మీద నేను చేసేది కూడా ఇదే కాబట్టి నా మొగ్గు ఇటు ఉందని దాచను. అయితే దీన్ని సేంద్రియం అని చెప్పుకోలేరు. మీకు ఆ పేరు, ఆ నియమం ముఖ్యమైతే దీని జోలికి పోకండి, మనసులో ముల్లులా ఉండిపోతుంది. ఇంకోటి, ఏ ఆకు ఏం అడుగుతోందో రోజూ చూసి గుర్తుపట్టే మనిషి ఉండాలి.

ఏ దారిలో వెళ్లినా డీఏపీ టబ్బుల్లో వద్దు. గుళిక కరిగే చోట వేరు దెబ్బతింటుంది. అందులో ఎక్కువగా ఉండే భాస్వరం చిన్న మట్టిలో పేరుకుని ఇనుమును, జింకును మొక్కకు అందనివ్వదు. వేసే తీరు కూడా చెబుతాను. ఎండిన మట్టిలో ఏ ఎరువూ పోయకండి. ముందు నీళ్లు పెట్టి, అరగంట ఆగి, సాయంత్రం చల్లబడ్డాక, కాండానికి నాలుగు వేళ్ల దూరంలో అంచు వెంట పోయండి. మబ్బు కమ్మి ఉంటే ఆ రోజు మానేయండి.

కొత్త చిగుళ్ల పసుపు వేరే కథ. ఈనె పచ్చగా ఉండి మధ్యలో పసుపంటే ఇనుము లోటు. మట్టిలో ఇనుము లేక కాదు, బోరు నీటి క్షారం దాన్ని కరగనివ్వక వస్తుంది. తెల్లటి పొర ఆ నీటి గుర్తే. ఈ పసుపుకి ఎంత నత్రజని వేసినా లాభం లేదు. మీలాంటి నీళ్లున్నవాళ్లు బూడిద కూడా వేయకూడదు, క్షారం ఇంకా పెరుగుతుంది. మే, జూన్ వానల నీళ్లు రెండు డ్రమ్ముల్లో పట్టుకుని మొక్కలకు వాడితే సగం సమస్య పోతుంది. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క వెజిటబుల్ స్పెషల్ అనే సూక్ష్మపోషకాల పొడిని నీళ్లలో కలిపి ఆకుల మీద పిచికారీ చేయవచ్చు, కొలత ప్యాకెట్టు మీదే ఉంటుంది. పల్లెల్లో దీనికి లీటరుకు ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడతారు. టబ్బుల్లో లేత మొక్కలకు అందులో సగం చాలు. ఈ మాట మామగారి దగ్గర ఎత్తి చూడండి, మీకన్నా నాకన్నా ఆయనకే బాగా తెలిసి ఉంటుంది.

ఇక ఆయన సంగతి. భార్య పోయి ఏడాది. పొలం కౌలుకి పోయింది. భాష రాని ఊరు. మా నాన్నగారు ఊరు వదిలి మా దగ్గరికి వచ్చిన కొత్తలో మూడు నెలలు బాల్కనీ కుర్చీలోంచి లేవలేదు. "ఇక్కడ నేను చేయాల్సింది ఏముందిరా" అన్న ఒక్కమాట ఇప్పటికీ నన్ను వదలదు. మీ మామగారికి ఆ కుర్చీ రాకుండా కాపాడింది మీ మిద్దె. మీకు చెప్పకుండా వేయడం తప్పే, మీ కోపంలో న్యాయం ఉంది. బాబు ఆరోగ్యం గురించి మీరు పెట్టుకున్న నియమాన్ని ఆయన దాటారు. అదే సమయంలో, కాయ మీదున్న ఏడింటికి కొద్దిగానే వేశారన్న సంగతి మీరే రాశారు. కాయ మీదున్న మొక్కకు నత్రజని తగ్గించాలని తెలిసిన చెయ్యి అది. ఆ చేతికి తెలియంది టబ్బు కొలత ఒక్కటే.

మీరు ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. ఇల్లు పైకి సర్దుకుంటుంది. ఆయన మాత్రం మిద్దె ఎక్కరు, ఏ పనిలోనూ చెయ్యి పెట్టరు, "నాకెందుకు" అన్నది అలవాటైపోతుంది. మీ వారితో చెప్పించవచ్చు. అప్పుడు పెద్దాయనకు కొడుకు మాట వినిపిస్తుంది, కోడలి మాట వినిపించదు. అన్నది మీరు కదా. మీరే చెబితే మీకు కష్టం, ఆయన "సర్లే అమ్మా" అని ముక్తసరిగా తేల్చేయవచ్చు. అయినా నేను మీ స్థానంలో ఉంటే మీరే చెప్పే దారి పట్టేదాన్ని. పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు, ఇంకెవరూ లేనప్పుడు: "మామయ్యా, ఆ రోజు అందరి ముందూ అలా అనకూడదు, తప్పయింది. మొక్కలు ఆకలితో ఉన్నాయని మీరు చెప్పింది నిజమే." అక్కడితో ఆపండి. "కానీ" అని మొదలుపెట్టి యూరియా లెక్క ఆ రోజు ఎత్తవద్దు. ఎత్తితే క్షమాపణ కాస్తా పాఠమవుతుంది.

రెండు మూడు రోజులు పోయాక ఎకరం లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. పరీక్షలా అడగకండి, "ఇలా ఒకరు లెక్క చెప్పారు, సరిగ్గా ఉందా చూడండి" అనండి. కట్టలు, ఎకరాలు ఆయన భాష. యాభై కట్టలన్న అంకె చూసి మీరేం చెప్పనక్కర్లేకుండా ఆయనే తల పట్టుకుంటారు.

ఆ తర్వాత పని పంచుకోవడం. మిద్దెని రెండుగా చేసి పది టబ్బులు పూర్తిగా ఆయనకు వదిలేయవచ్చు. ఆయన ఇష్టం, ఆయన మిరప. మళ్లీ ఏవైనా పోవచ్చు, నాలుగు నారు మొక్కల నష్టానికి మీరు సిద్ధపడాలి, పక్కన నిలబడి చూడకూడదు. బాబు తినే ఆకుకూరల టబ్బులు మీ పద్ధతిలో మీ దగ్గరే ఉంటాయి. లేదా ఒకటే తోట, కలగలుపు పద్ధతి, ఎండుటాకుల కుప్ప తిరగేయడం, ఆకు చూసి ఆకలి చెప్పడం ఆయనది, స్పూను కొలత మీది. ఇందులో రోజూ మాట్లాడుకోవాలి. ఇప్పుడున్న పరిస్థితిలో మీ ఇద్దరికీ అది బరువనిపిస్తే విభజనతో మొదలుపెట్టండి, కలపడం తర్వాత చూసుకోవచ్చు. నీళ్లు పోసే పని మాత్రమే అప్పజెప్పవద్దు. నలభై ఏళ్లు సేద్యం చేసిన మనిషికి అది అవమానంగా తోస్తుంది.

మీ వారి సలహా కూడా ఒక దారే. తోట తీసేస్తే గొడవ ఆగుతుంది, కూరగాయలకు ఈ ఊళ్లో కొదవ లేదు. కానీ ఆయనకు ఈ ఇంట్లో తన వల్ల తోట పోయిందన్న మాట మిగులుతుంది. అది అన్నిటికన్నా ఖరీదని నాకనిపిస్తోంది.

ఒంటరితనం మొత్తాన్ని 32 టబ్బులు మోయలేవు. మీ పేటలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, సాయంత్రం పార్కులో ఒక్క స్నేహితుడు దొరికినా చాలు. ఒక ఆదివారం లాల్‌బాగ్ తీసుకెళ్లి, పక్కనే సిద్ధాపుర నర్సరీలు చూపించండి. నవంబరులో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కృషి మేళా జరిపితే తప్పక వెళ్లండి. మాట కన్నడమైనా పంట పంటే, గొబ్బరం అంటే ఎరువని ఆయనకు వెంటనే తెలుస్తుంది. ఇవన్నీ చేసినా తిండి, నిద్ర తగ్గి, వారాల తరబడి అలాగే ఉంటే అలకగా తీసుకోకండి, డాక్టరుకి చూపించండి.

చివరిగా, ఈ ఉత్తరం చదివిన రోజే చేయాల్సిన పని ఒకటుంది. మిగిలిన యూరియా మెట్ల కింద సంచిలోనే ఉందని రాశారు. అది చూడ్డానికి అచ్చం ఉప్పులా, పంచదారలా ఉంటుంది. నాలుగేళ్ల పిల్లాడు తిరిగే ఇల్లు. బిగుతు మూత ఉన్న డబ్బాలో పోసి, పెద్ద అక్షరాలతో పేరు రాసి, వంటింటికి దూరంగా పై అరలో పెట్టండి, కొలిచే స్పూను కూడా అందులోనే ఉంచండి. డీఏపీ మాత్రం పారేయకండి. ఈసారి ఊరు వెళ్లేటప్పుడు మామగారినే తీసుకెళ్లి కౌలుదారుకి ఇమ్మనండి. అక్కడి చేనుకి అది పనికొస్తుంది.